సంతలో ఎద్దు పండ్లు - ఇంటిలో మన పండ్లు



సంతలో ఎద్దును కొనబోవు రైతు చేయు పని యేది? దాని మూపురమును తట్టును, గిట్టలను చూచును, నాలుగడుగులు నడిపించును. పిమ్మట ముక్కుత్రాడు పట్టి నోరు తెరపించి పండ్లు లెక్కించును. క్రింది దవడ ముందుభాగమున రెండు పండ్లు వేసినదా, నాలుగు వేసినదా, ఆరు వేసినదా, లేక ఎనిమిదియు నిండి కడపండ్లు వేసినదా యని చూడక యే రైతును బయానా ఇయ్యడు. పండ్లరిగిన యెద్దు మేత నమలజాలదనియు, మేత నమలలేని యెద్దు కాడిక్రింద నిలువజాలదనియు మనవారికి ఎవ్వరును చెప్పనక్కరలేదు.

ఇంతటి వివేకము గల రైతు తన నోటిని మాత్రము ఏనాడును అద్దములో చూచుకొనడు. తన పిల్లల నోరు తెరచి చూడడు. పన్ను సలిపిననాడు లవంగమొకటి కొరికి, చెంపకు గుడ్డ కట్టుకొని పొలమునకు పోవును.

విత్తనశుద్ధినిగూర్చియు, భూసారపరీక్షనుగూర్చియు వ్రాయుచుండు వ్యవసాయ ప్రదర్శకుడు ఈ మాసమున పండ్లనుగూర్చి వ్రాయుచున్నాడనగా, మామిడిపండ్లనుగూర్చి కాబోలునని కొందరు తలంపవచ్చును. కాదు, నోటిలోని పండ్లనుగూర్చియే వ్రాయుచున్నాను. అందుకు కారణము కలదు.

ఒక సభ్యుని కథ

గడచిన వానకాలపు నాట్ల దినములలో మన సంఘ సభ్యులొకరి పొలమునకు పోయితిని. వారి పేరు వ్రాయను. కథ వ్రాయుటకు వారు సమ్మతించిరి. వారి క్రింది దవడపన్ను ఒకటి రెండేండ్లనుండి పిప్పిపట్టియుండెను. తొలుత చల్లనీరు తగిలిన జివ్వుమనెడిది. పిమ్మట రాత్రులు నిద్రపట్టనీయలేదు. ఆ పిమ్మట ఒకనాడు నొప్పి దానంతట అదియే పోయెను. బాధ తీరినదని వారు సంతోషించిరి. నిజమునకు పంటిలోని నరము చచ్చినందున నొప్పి పోయినదే గాని రోగము పోలేదు. చీము వేరుక్రిందికి దిగి దవడయెముకలో నిలిచినది.

నేను పోయిననాడు వారి కుడిచెంప వాచియుండెను. నేను చూచితిని. చూచియు, నారు వయస్సు మించిపోవుచున్నదని హెచ్చరించి, కుదురునకు ఎన్ని మొక్కలు నాటవలయునో చెప్పి వచ్చితిని. చెంపనుగూర్చి ఒక్కమాటయైన అడుగలేదు. వారును నాట్లు ముగిసిన పిమ్మట చూచుకొందమని ఊరకుండిరి.

నాలుగవనాటికి వారి నోరు తెరచుకొనలేదు. గడ్డముక్రింద రెండువైపులను వాపు పలకవలె గట్టిపడెను. ఉమ్మికూడ మ్రింగలేక, ఊపిరాడక, రాత్రి రెండుగంటలవేళ ఆటోలో మండల కేంద్రమునకును, అచ్చటినుండి జిల్లా ఆసుపత్రికిని తీసికొనిపోయిరి. మెడపై కోసి చీము తీసిరి. ఇంకొక పూట ఆలస్యమైయుండిన గొంతు పూడిపోయి ప్రాణము దక్కెడిది కాదని వైద్యులనిరి. ఈ వ్యాధిని 1836లోనే లుడ్విగు అను జర్మను వైద్యుడు వర్ణించియున్నాడు. దానికి నేటికిని ఆయన పేరే నిలిచియున్నది. దీనికి సాధారణముగా మూలము క్రింది దవడపన్నే.

పదకొండు దినములు వారు ఆసుపత్రిలో నుండిరి. నారు ముదిరిపోయెను. ఇల్లాలి గొలుసుపై మన సంఘములో ఋణము తీసికొనిరి. ఆ దరఖాస్తును నేను చూచితిని. ప్రయోజనమను గడిలో ‘వైద్యఖర్చులు’ అని యున్నది. పన్ను అను మాట ఎచ్చటను లేదు. మన పుస్తకములలో వైద్యఖర్చులని వ్రాయబడిన ఋణములలో ఇట్టివి ఎన్ని గలవో! ఆనాడు నేను అడుగవలసిన మాటను ఈనాడు అందరికిని వ్రాయుచున్నాను.

పన్ను నిర్మాణము

పిల్లలకు పాలపండ్లు ఇరువది. సాధారణముగా ఆరవనెలయందు మొదలై రెండున్నర యేండ్లకు పూర్తియగును. పెద్దలకు, జ్ఞానదంతములతో చేర్చి, ముప్పదిరెండు.

పన్నును చెట్టుతో పోల్చవచ్చును. చిగురుపైన కనబడునది మాను; దవడయెముకలో దిగియున్నవి వేళ్లు. మానుకు వెలుపల ఎనామెలు అను తెల్లని పొర కలదు. మన శరీరములోని పదార్థములన్నిటిలోను ఇదియే మిక్కిలి గట్టిది. దానిలోపల డెంటీను అను కొంచెము మెత్తని పొరయు, దానిలోపల నరమును, రక్తనాళములును గల గుజ్జును ఉండును. ఎనామెలులో నరము లేదు. కావున అది చెడుచున్నను మనకు తెలియదు. తెగిన చర్మము మానును, విఱిగిన యెముక అతుకుకొనును. ఎనామెలు గుంటపడిన పిమ్మట మరల పూడదు. పైపైన తెల్లగా మెత్తబడిన దశలో మాత్రము ఉమ్మిలోని ఖనిజములు తిరిగి చేరి దానిని గట్టిపరుపగలవు. ఆ దశ దాటనీయకుండుటయే మన పని.

వరిలో కాండము తొలుచు పురుగు సంగతి మీకు తెలియును. మొవ్వ ఎండి కనబడునప్పటికి పురుగు లోపల తన పని చేసియే యుండును. పన్ను సలుపుటయు అట్టిదే. నొప్పి మొదలగునప్పటికి చెడుగు గుజ్జువరకును చేరియుండును.

పన్ను పిప్పియగుట ఎట్లు?

గోరువెచ్చని పాలలో చెంచాడు మజ్జిగ తోడు వేసిన తెల్లవారునప్పటికి పెరుగగుచున్నది గదా. తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను తిని పులుపును పుట్టించుటచేత పాలు తోడుకొనుచున్నవి. ఇదే వ్యవహారము మన నోటిలోను జరుగుచున్నది. పండ్లపై పేరుకొను జిగటయైన పాచి యంతయు సూక్ష్మజీవులమయము. హాలండు దేశమున డెల్ఫ్టు పట్టణపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ 1683లో తన పంటిపాచిని భూతద్దముక్రింద పరీక్షించి, అందు కదలాడు జీవులను కనుగొనెను. ఆ జీవులు ఆహారములోని చక్కెరను పులియబెట్టగా పుట్టిన ఆమ్లమే పంటిని కరగించుచున్నదని బెర్లిను నగరమున పనిచేసిన అమెరికా దంతవైద్యుడు మిల్లరు 1890లో ప్రకటించిన గ్రంథమున వివరించెను.

తీపి తిన్న కొలది నిమిషములలోనే పాచిలో పులుపు పుట్టును. ఉమ్మి దానిని మెల్లమెల్లగా విఱిచివేయును. అందుకు అరగంటయో, అంతకు ఎక్కువయో పట్టును. కావున ఎంత తీపి తింటిమన్నదానికంటె ఎన్నిమార్లు తింటిమన్నదే ముఖ్యము. పండుగనాడు భోజనముతోబాటు నాలుగు అరిసెలు తిన్నవానికంటె, పొలములో ఉదయమునుండి సాయంకాలమువరకు ఆరుమార్లు తీపి టీ త్రాగువాని పండ్లకు ఎక్కువ హాని. వాని నోరు దినములో చాలభాగము పులుపులోనే నానుచుండును. బెల్లమైనను చక్కెరయైనను సూక్ష్మజీవికి ఒక్కటియే. నాటుబెల్లమనియు, తెల్లచక్కెరయనియు అది భేదము పాటింపదు. అంగడి బిస్కెట్లు పండ్లసందులలో అంటుకొని చాలసేపు నిలుచును గనుక అవి మరింత చెఱుపు.

దీనికి కట్టుబాటు కష్టము కాదు. తీపిని భోజనముతోడనే ముగింపుడు. నడుమ టీలను రెండింటికి తగ్గించి చక్కెర మానుడు. పొలములో మజ్జిగయో, నీరో త్రాగుడు. ఆకలియైన వేరుసెనగలో, వేయించిన సెనగలో నమలుడు. ఏది తిన్నను పుక్కిలించి ఉమ్మివేయుడు.

చిగుళ్ల వ్యాధి

పండ్లు పిప్పియగుట పిల్లలలో ఎక్కువగా కనబడినచో, పెద్దలు పండ్లు పోగొట్టుకొనుటకు చిగుళ్ల వ్యాధి పెద్ద కారణము. పాచిని తీయక వదలిన అది ఉమ్మిలోని ఖనిజములతో చేరి గారయగును. ఇంటిలోని నీళ్లకుండ అడుగున తెల్లని చట్టు కట్టుట చూచియున్నారు గదా, ఇదియు అట్టిదే. గార కట్టినచోట చిగురు ఎఱ్ఱబడి, వాచి, తోమునప్పుడు రక్తము వచ్చును. రక్తము వచ్చుచున్నదని చాలమంది ఆచోట తోముట మానుదురు. ఇది తప్పు. మానినకొలది పాచి పెరుగును, పాచి పెరిగినకొలది రక్తము ఎక్కువగును. మెత్తని బ్రష్షుతో శ్రద్ధగా తోమిన, వ్యాధి తొలిదశలోనుండిన, ఒకటి రెండు వారములలో చిగురు గట్టిపడును.

అలక్ష్యము చేసినచో చిగురు పంటిని వదలి దిగును, దవడయెముక కరగును, పన్ను కదలును. వరదకు కోతపడిన గట్టుపై చెట్టువలె, గట్టి పన్నే యూడిపోవును. గట్టిపడిన గారను బ్రష్షుగాని పుల్లగాని తీయలేదు. దంతవైద్యుడు పరికరముతో తీయవలెను. గార తీయించిన పండ్లు కదలునని మనలో ఒక అపోహ గలదు. అప్పటికే యెముక కరగియున్న పన్ను, గార ఆసరా పోగానే తన నిజస్థితిని చూపును. తీసినందున కదలినది కాదు.

మధుమేహము గలవారికి చిగుళ్ల వ్యాధి ఎక్కువగా వచ్చును. చిగుళ్ల వ్యాధి ముదిరిన మధుమేహము లొంగుట కష్టమగును. ఒకదాని నొకటి పెంచునవి గనుక రెంటికిని వైద్యము చేయించుకొనవలెను. తోమినను చిగుళ్లు మానకున్న వైద్యునకు చూపవలెను. ఆహారములో సి విటమిను లోపమువలనను చిగుళ్లు వాచి కారును. ఉసిరి, నిమ్మ, జామ మన దొడ్లలోనే యున్నవి.

పండ్లు తోముట

వేపపుల్లను నేను నిందింపను. తుదిని మెత్తగా నమలి కుంచెవలె చేసికొని, చిగురును గీరక తోమిన పాచి పోవును. కాని పుల్ల వెనుకటి దవడపండ్ల లోపలివైపునకు సరిగా చేరదు. అచ్చటనే గదా పిప్పి మొదలగుట! బొగ్గు, కచ్చిక, ఇటుకపొడి, ఇసుక, పొగాకుపొడి - ఇవి మాత్రము పనికిరావు. గరుకుపొడితో నేడు తెల్లగా కనబడినను, ఏండ్లు గడచునప్పటికి ఎనామెలు అరిగి పచ్చని డెంటీను బయటపడును, పన్ను జివ్వుమనును.

మెత్తని బ్రష్షు కొనుడు. ఫ్లోరైడు గల పేస్టును ఎన్నుకొనుడు. ఆ మాట గొట్టముపై వ్రాసియుండును. పెద్దలకు 1000 నుండి 1500 పాళ్లు ఫ్లోరైడు గలది తగినది. బ్రష్షును చిగురు అంచునకు ఏటవాలుగా పెట్టి, చిన్న చిన్న కదలికలతో వెలుపల, లోపల, నమలు తలమున, రెండు నిమిషములు తోమవలెను. బలముకొలది రుద్దుట తోముట కాదు. పిమ్మట నురుగు ఉమ్మివేయుట చాలును. చెంబెడు నీళ్లతో పుక్కిలించిన పేస్టులోని మందుగుణము కొట్టుకొనిపోవును. బ్రష్షు వెండ్రుకలు వంగిన వెంటనే, లేనిచో మూడు నాలుగు మాసములకొకమారు, మార్చవలెను. ఒకరి బ్రష్షు మరియొకరు వాడరాదు.

దినమునకు రెండుమార్లు తోమవలెను. ఒక్కమారే సాధ్యమనువారు రాత్రిపూటను ఎన్నుకొనుడు. నిద్రలో ఉమ్మి తక్కువగా ఊరును గనుక సూక్ష్మజీవులకు అదియే అదను. నేను చదివిన మిషను పాఠశాల వసతిగృహమున దీపములార్పుటకు ముందు మమ్ములనందరిని నూతిచప్టావద్ద వరుసగా నిలిపి పండ్లు తోమించెడివారు. సెలవులలో ఇంటికి వచ్చి అట్లే చేయగా, తెల్లవారిందనుకొన్నావురా యని మా నాయనమ్మ నవ్వెడిది. ఆ వసతిగృహమున నేర్చిన పాఠములు కొన్ని మరచితిని. ఆ అలవాటు మాత్రము నేటివరకు పోలేదు.

పిల్లల పండ్లు

ఆరవయేట పాలపండ్ల వెనుక, ఏ పన్నును ఊడకుండగనే, దవడకు రెండేసి చొప్పున నాలుగు క్రొత్త పండ్లు వచ్చును. ఇవి పాలపండ్లు కావు, జీవితాంతము ఉండవలసినవి. తల్లిదండ్రులు వీనిని పాలపండ్లనుకొని, ఊడునవే గదా యని ఉపేక్షింతురు. అన్నిటికంటె ముందుగా పాడగునవి ఇవియే. పాలపండ్లనైనను ఉపేక్షింపరాదు, అవి అకాలమున పోయిన వెనుక వచ్చు పండ్లు వంకరయగును.

పాలసీసా నోటపెట్టుకొని బిడ్డను నిద్రపోనీయకుడు. మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత పేస్టును, ఆరేండ్లవరకు బఠాణిగింజంత పేస్టును చాలును. ఏడెనిమిది యేండ్లు వచ్చువరకు తల్లిగాని తండ్రిగాని దగ్గరనుండి తోమించవలెను.

నీటి దోషము

మన తెలుగునాట మరియొక దంతదోషము గలదు. దానికి పాచి కారణము కాదు, నీరు కారణము. నీటిలో ఫ్లోరైడు మితిమీరినచో, పెరుగుచున్న పిల్లల పండ్లపై తెల్లని సుద్దమచ్చలును, ముదిరిన పసుపు గోధుమవన్నె చారలును ఏర్పడును. పండ్లు దవడలో తయారగు వయస్సున, అనగా సుమారు ఎనిమిదేండ్లలోపు, త్రాగిన నీటి ఫలమిది. ఏండ్ల తరబడి ఆ నీరే త్రాగిన యెముకలును, కీళ్లును బిగియును.

భారతదేశమున మనుష్యులలో ఈ వ్యాధిని 1937లో షార్టు మొదలగు వైద్యులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లానుండి వెల్లడించిరి. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు ఆ నెల్లూరులోనివే. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు ప్రాంతముల ప్రజలు పడిన బాధ లోకమెరిగినదే. అచ్చటి రాతినేలలోని ఖనిజములనుండి ఫ్లోరైడు భూగర్భజలములో కరగుచున్నది. పశువులును అదే నీరు త్రాగును గనుక వాని పండ్లును మచ్చలుపడి త్వరగా అరుగును, కీళ్లు బిగిసి నడక చెడును. ఎద్దు కుంటుచున్నదని గిట్టను మాత్రమే చూచువారు నీటినికూడ అనుమానింపవలెను.

త్రాగునీటిలో లీటరునకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు మించరాదని భారత ప్రమాణము. వేరు దారి లేనిచోట 1.5 మిల్లీగ్రాములవరకు సహింపవచ్చును. ఫ్లోరైడును యూరియాతో పోల్చి చూడుడు. తగిన మోతాదు పైరును నిలుపును, మితిమీరినది మాడ్చును. పేస్టులోని ఫ్లోరైడు పైపూతగా పంటిని గట్టిపరచును. నీటితో దినదినము మితిమించి కడుపులోనికి పోవునది చెఱచును. అట్టి గ్రామములలో పిల్లలు పేస్టును మ్రింగకుండ జాగ్రత్తపడవలెను.

నీరు కాచిన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై మరింత చిక్కబడును. పటిక, సున్నము, బ్లీచింగుపొడి కలిపి కలియబెట్టి తేర్చు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1975లో రూపొందించి, నల్లగొండ పేరనే ప్రచారము చేసిరి. దాని మోతాదులు నీటిపరీక్షనుబట్టి నిర్ణయింపవలసినవి, ఊహతో వేయరాదు. అన్నిటికంటె మేలైనది నదీజలము, చెరువునీరు, వాననీరు మొదలగు ఫ్లోరైడు తక్కువ గల నీటిని శుద్ధిచేసి త్రాగుట. తెలంగాణములో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ఉద్దేశ్యములలో ఇదియొకటి. ఇంటికి అట్టి నీరు వచ్చుచుండగా, రుచికొరకు బోరునీటినే బిడ్డలకు పోయుట పాపము.

మచ్చలపండ్ల పిల్లకు సంబంధము కుదురలేదను మాట నేను ఒకటికి రెండుమార్లు విన్నాను. ఆ మచ్చలు వంశదోషము కావు, అంటురోగము కావు, పిల్ల మురికిదనముచే వచ్చినవి కావు; బావి చేసిన తప్పు. వానిని కప్పు చికిత్సలును దంతవైద్యులవద్ద గలవు.

చుట్ట, అడ్డపొగ, గుట్కా

పొగాకు సాగునుగూర్చి ఇచ్చట చర్చింపను, నోటినిగూర్చియే చెప్పుదును. పొగాకు చిగుళ్ల రక్తనాళములను ముడుచును. అందుచేత పొగత్రాగువాని చిగుళ్లు రోగమున్నను రక్తము కార్చవు. లోపల యెముక కరగుచున్నను పైకి బాగుగనే తోచును.

శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరగ్రామములలో, ముఖ్యముగా స్త్రీలలో, నిప్పుకొనను నోటిలోపల పెట్టి చుట్టకాల్చు అడ్డపొగ అలవాటు గలదు. శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లను పరీక్షించిన పరిశోధన ఒకటి 1971లో ప్రకటింపబడినది. ఆ వేడిపొగవలన అంగిలిలో మచ్చలును, పుండ్లును ఏర్పడుననియు, అంగిలి క్యాన్సరునకు ఇది దారితీయుననియు వైద్యులు నిశ్చయించిరి. గుట్కా, వక్క నిత్యము నమలువారికి బుగ్గలు బిగిసి నోరు తెరచుకొనకపోవుటయు, క్యాన్సరును రాగలవు.

రుద్దినను పోని తెల్లమచ్చ, ఎఱ్ఱమచ్చ, గడ్డ, లేదా రెండు వారములకును మానని పుండు నోటిలో కనబడిన, నొప్పి లేకపోయినను, వైద్యునకు చూపుడు. తొలిదశలో పట్టుకొనిన క్యాన్సరు కుదురు అవకాశము మెండు.

పంటిపురుగు తీయువారు

తొమ్మిదవయేట నాకు ఎడమ దవడపన్ను సలిపెను. మా అమ్మ నన్ను సంతకు తీసికొనిపోయెను. అచ్చట ఒకతె గొట్టముతో పొగ పట్టించి, ఆకుపై తెల్లని సన్నని పురుగులు రాల్చి చూపెను. మా అమ్మ ఆశ్చర్యపడి డబ్బిచ్చెను. నొప్పి రెండు దినములు తగ్గి, మరల వచ్చెను. రెండేండ్లకు ఆ పన్ను తీయవలసివచ్చినది. అది ఇందాక చెప్పిన ఆరవయేటి పన్నే. ప్రక్కపన్ను ఆ సందులోనికి ఒరిగినది. నేటికిని జొన్నరొట్టెను కుడివైపుననే నమలుచున్నాను.

పంటిలో కంటికి కనబడు పురుగు లేదు. ఆకుపై రాలినవి పొగకు వేసిన గింజల లోపలి భాగములో, చేతివాటమున దాచితెచ్చినవో గాని పంటిలోనివి కావు. మా అమ్మను నేను తప్పుపట్టను. ఆమెకు వేరు దారి చెప్పినవారు లేరు. నేడు దారి యున్నది. మనదేశమున మొదటి దంతవైద్య కళాశాలను ఆర్. అహమ్మదు 1920లో కలకత్తాలో స్థాపించెను. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చినది; నమోదైన అర్హతగలవారే ఈ వైద్యము చేయవలెను. హైదరాబాదు, విజయవాడ, కడప పట్టణములలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలల ఆసుపత్రులు గలవు. సంతలలోను, రోడ్డుప్రక్కను కడుగని పరికరములతో పన్ను పీకించుకొనుట ప్రాణముతో చెలగాటము.

లవంగనూనె నొప్పిని కొంతసేపు మొద్దుబార్చును. గోరువెచ్చని ఉప్పునీరు వాపును శాంతింపజేయును. ఇవి వైద్యునివద్దకు పోవువరకే. నొప్పిమాత్రను చిగురుపై నూరి పెట్టరాదు, చర్మము కాలును. చిన్న గుంటను పూడ్చుటతో పోవు పని, ఆలస్యమైన నరము తీయుటకును, మరింత ఆలస్యమైన పన్ను పీకుటకును వచ్చును. ఖర్చును అట్లే మెట్లెక్కును.

ఆలస్యము చేయరాని సమయములు

చెంపగాని గడ్డము క్రిందగాని వాచి జ్వరము వచ్చినను, నోరు తెరచుకొనకపోయినను, మ్రింగుట కష్టమైనను, నాలుక పైకి లేచినను, గొంతు మారినను - తెల్లవారువరకును ఆగక పెద్దాసుపత్రికి పోవలెను. నాట్లున్నవనియు, కోతలున్నవనియు చూడరాదు.

ఎద్దు కొమ్ము తగిలియో, బండినుండి పడియో పెద్దపన్ను వేరుతోసహా ఊడినచో దానిని పారవేయకుడు. వేరును ముట్టక పైభాగమును పట్టుకొనుడు, రుద్దకుడు. మట్టియంటిన చల్లని పాలతోనో, నీటితోనో ఒక్కమారు తొలిచి, వీలైన వెంటనే దాని గుంటలో నిలుపుడు; లేదా పాలలో వేసికొని గంటలోపల దంతవైద్యుని చేరుడు. చాలమారులు అది మరల నాటుకొనును. పాడిగల రైతుయింట పాలకు కొదువ లేదు గదా. పాలపన్నును మాత్రము తిరిగి పెట్టరాదు.

మన సంఘము చేయదగినవి

ఒక్కొక్కరు ఒంటరిగా చేయలేనిదానిని పదుగురు కూడి చేయుటకే సహకార సంఘము. రానున్న సర్వసభ్య సమావేశమున ఈ క్రింది విషయములను చర్చకు పెట్టుమని పాలకవర్గమువారిని కోరుచున్నాను.

1. సంఘపు దుకాణమున మెత్తని బ్రష్షులను, ఫ్లోరైడు పేస్టును టోకున తెప్పించి సభ్యులకు కొన్న ధరకు ఇచ్చుట.

2. భూసారపరీక్షకు మన్ను పంపునప్పుడే ప్రతి గ్రామపు త్రాగునీటి బోర్ల నీటిని ఫ్లోరైడు పరీక్షకు పంపి, ఫలితమును సంఘపు గోడపై వ్రాయించుట.

3. పంటకోతలు ముగిసిన పిమ్మట ఏటికొకమారు దంతవైద్యుని రప్పించి, సభ్యులకును, బడిపిల్లలకును పరీక్ష చేయించుట.

4. పన్ను పూడ్పించుకొనుటకు చాలినంత చిన్న ఋణమును జాప్యము లేక మంజూరు చేయుట. చిన్న ఋణము ఇయ్యనిచోట పెద్ద ఋణము ఇయ్యవలసివచ్చును; మన పుస్తకములే సాక్ష్యము.

మొదట చెప్పిన సభ్యులు కోలుకొనిరి. మొన్న వారి పొలమునకు పోయినప్పుడు పైరునుగూర్చి అడుగకమునుపే, “నోరు చూపుడు” అంటిని. వారు నవ్వి చూపిరి. ఒక పన్ను లేదు. తక్కినవి శుభ్రముగా నున్నవి. ప్రక్కనున్న కుమారుని నోరును చూచితిని. ఆరవయేటి పంటిపై సన్నని నల్లని గీత కనబడెను. ఆ వారమే దంతవైద్యుడు దానిని పూడ్చెను. పిల్లవాడు మరునాడు బడికి పోయెను.

ఈ రాత్రి భోజనమైన పిమ్మట మీరును దీపము దగ్గరకు తెచ్చి మీ పిల్లల నోరు తెరపించి చూడుడు. సంతలో ఎద్దునకు చేయు పనియే గదా. ఇంటిలో చేయుటకు సిగ్గెందులకు?